‘మళ్ళీ రండి’ గారి పది గులాబీలు

లైసెన్సు ఆఫీసులో డ్రైవింగ్ టెస్టులు పెట్టే ఉద్యోగం ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేసి రిటైరైన ఆయన్ని మా వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన ‘మళ్ళీ రండి’ గారు. టెస్టులో ఎవరైనా తప్పితే ఆయన కోప్పడేవారు కాదు, కారణమూ చెప్పేవారు కాదు. ఫారం మీద ఎర్ర ఇంకుతో ఒక గీత గీసి, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎంతో మర్యాదగా “మళ్ళీ రండి” అనేవారు. ఊళ్ళో సగం మందికి ఆ రెండు మాటలు వినపడితే చాలు, కుర్చీలో కూర్చున్నా సరే, ఎడమకాలు క్లచ్ కోసం వెతుక్కుంటుంది. నన్ను రెండుసార్లు రమ్మన్నారు. కాబట్టి నేను చెప్పేదాంట్లో ఎక్కడైనా కారం ఎక్కువైతే అది రెండో టెస్టు తాలూకుది అనుకుని సర్దుకోండి.

ఆయన న్యాయానికి స్వపర భేదం లేదు. కూతురు టెస్టుకి వస్తే తండ్రి పరీక్షించకూడదని రూలు ఉంది కాబట్టి ఆ పిల్లని పక్క అధికారికి అప్పజెప్పారు. అప్పజెప్పి ఊరుకున్నారా అంటే, ట్రాక్ పక్కన గొడుగు వేసుకుని నిలబడి, “వెనక్కి తీసేటప్పుడు అద్దం చూడలేదు, రాసుకో” అని అరిచారు. అక్కడ తప్పిన ఆ పిల్ల రెండు నెలల తర్వాత వేరే ఊళ్ళో మొదటిసారే పాసైంది.

“ఆ ఊళ్ళో కార్లకి అద్దాలుండవు కాబోలు,” అన్నారు తండ్రిగారు.

ఆయన భార్య ప్రసూతి ఆస్పత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డుకి హెడ్ నర్సు. వీధంతా ఆమెను సిస్టరమ్మ అంటుంది. ఆయన రిటైరయ్యేనాటికి ఆమెకు ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. ఆ మూడేళ్ళే తనని కాపాడాయని ఆమే చెప్పింది.

ఎందుకంటే పరీక్షించడానికి మనుషులు దొరక్కపోయేసరికి ఆయన ఇంటిని పరీక్షించడం మొదలుపెట్టారు. బస్సు దిగిన చోటునుంచి గుమ్మం దాకా సిస్టరమ్మకి ఎంతసేపు పడుతోందో మేడమీద నుంచి చూసి రాసుకునేవారు. “నిన్న పన్నెండు నిమిషాలు. ఇవాళ పధ్నాలుగు. దారిలో ఎవరితో మాట్లాడావ్?” అనేవారు. గిన్నెలు తోమి బోర్లించే పద్ధతిలో మూడు లోపాలు, దుప్పటి మడతలో రెండు లోపాలు కనిపెట్టారు. గ్యాస్ పొయ్యి మీటని సిస్టరమ్మ తిప్పే వేగం ప్రమాదకరమని ఒక పూట పొయ్యి ముట్టించనివ్వలేదు. నాలుగో వారం ఆమె కూతురికి ఫోన్ చేసింది.

“మీ నాన్నకి ఏదో ఒక పని చూడవే తల్లీ. లేకపోతే నేను నైట్ డ్యూటీలు కూడా వేయించుకుని ఆస్పత్రిలోనే మంచమేసుకుంటా.”

కూతురు తెలివైంది. పది గులాబీ మొక్కలు పార్సిల్లో పంపించింది.

ఆ పార్సిల్ విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పక్కింటాయన కూడా గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. పక్కింటాయనది కటింగ్ షాపు. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు. డ్రైవింగ్ టెస్టులో నాలుగుసార్లు తప్పి, ఐదోసారి వెళ్ళకుండా సైకిలు కొనుక్కున్న మనిషి. అయినా ‘మళ్ళీ రండి’ గారికి ప్రతి నెలా జుట్టు కత్తిరించేది ఆయనే. చేతిలో కత్తి ఉండి కూడా అంత శాంతంగా ఉండగలిగిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

పెట్టెలో తడి రంపపు పొట్టు, దాని మధ్య పది పుల్లలు ఉన్నాయి. ఆకు లేదు, చిగురు లేదు, మట్టి లేదు. ఒక్కో పుల్లకి కింద నాలుగు గోధుమరంగు వేర్లు, ముసలాయన గడ్డంలా వేలాడుతున్నాయి. పెట్టె మూత మీద మాత్రం గుమ్మడికాయంత గులాబీ బొమ్మ ఉంది.

“వంటచెరకు పంపించారు,” అన్నారు ‘మళ్ళీ రండి’ గారు.

“కడుపుతో ఉన్న పుల్లలేమో సార్,” అన్నాడు కటింగ్ షాపాయన.

వెంటనే కూతురికి ఫోన్ వెళ్ళింది. ఆ పిల్ల ఓపికగా చెప్పింది: “ఇవి నిద్రలో ఉన్న మొక్కలు నాన్నా. చలికాలంలో మట్టి దులిపేసి, ఉత్త వేర్లతో పంపిస్తారు. ఒక పూట బకెట్ నీళ్ళలో నానబెట్టి నాటండి. వేరు నేలని పట్టుకోవడానికే ఒక ఏడాది పడుతుంది. అందుకని మొదటి ఏడాది ఏదీ చూసి కంగారుపడొద్దు. మొగ్గ వచ్చినా తుంచెయ్యండి.”

“తుంచెయ్యాలా? పరీక్ష రాయడానికి వచ్చినవాడి చేతిలో పెన్ను లాక్కోమంటావా?”

“నాన్నా, వాటికి పరీక్ష పెట్టొద్దు. అదే చెప్తున్నా.”

ఫోన్ పెట్టేసి ఆయన నేరుగా స్కేలు తెచ్చుకున్నారు.

నాటడం మాత్రం అద్భుతంగా నాటారు, అది ఒప్పుకోవాలి. దారం కట్టి, రెండు వరుసల్లో ఐదేసి గుంతలు, గుంతకీ గుంతకీ మధ్య సరిగ్గా మూడడుగులు. ఒక్కో మొక్క పక్కన ఇనప చువ్వ, దానికి రేకు ముక్క, రేకు మీద అంకె. ఒకటి నుంచి పది దాకా. గులాబీలకి అమ్మినవాళ్ళు పెట్టిన అందమైన పేర్లుండేవి. అవన్నీ చింపి పారేశారు. పేరు చూస్తే పరీక్షకుడికి పక్షపాతం వస్తుందట. వరండాలో ఒక పెద్ద అట్ట వేలాడదీశారు. ఎత్తు, కొమ్మలు, చిగుళ్ళు, ఆకు రంగు, చివర్న క్రమశిక్షణ. గులాబీకి క్రమశిక్షణ ఏమిటని అడిగాను.

“చువ్వ వైపు పెరుగుతుందా, దారిలోకి పెరుగుతుందా అని,” అన్నారు. “అక్కడే మనిషి తెలిసిపోతాడు.”

రెండో వారానికి మూడు మొక్కలు చిగురించాయి. నాలుగో వారానికి తొమ్మిదీ చిగురించాయి. ఏడో నంబరు మాత్రం నాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ప్రతి సోమవారం ఉదయం ఆయన స్టూలు వేసుకుని దాని ఎదురుగా కూర్చునేవారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపు కింద నేను రెండో గేరుకి బదులు రివర్సు వేశాను. పాపం ఆ మొక్కకి గేర్లు కూడా లేవు.

ఆరో వారం ఆయన సహనం అయిపోయింది. లోపల ఏం జరుగుతోందో చూస్తేనే గాని తేలదని, ఏడో నంబరుని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగారు. వచ్చింది. ఆ పాత గోధుమరంగు వేర్లకి చుట్టూ తెల్లగా, దారప్పోగులంత సన్నగా కొత్త వేర్లు పుట్టి ఉన్నాయి. ఉన్నాయి అంటే, లాగేదాకా ఉన్నాయి. సగం మట్టిలో తెగిపోయాయి, మిగతా సగం ఆయన అరచేతిలో తడి వెంట్రుకల్లా అంటుకున్నాయి.

డ్యూటీ దిగి అప్పుడే గేటు తీసుకుని వచ్చిన సిస్టరమ్మ ఆ దృశ్యం చూసి చేతిసంచి అక్కడే కింద పెట్టేసింది.

“ఏవండీ, ఏం చేస్తున్నారు?”

“పని చేస్తోందో లేదో చూశా. చేస్తోంది. కానీ చాలా నెమ్మది.”

“ఇప్పుడు చేస్తోందా?”

ఆయన అరచేతిని వెనక్కి దాచుకున్నారు.

“మా వార్డులో పుట్టిన ప్రతి పిల్లా మొదటి వారం బరువు తగ్గుతుంది,” అందామె. “తల్లులు గోలపెట్టేస్తారు. అప్పుడు మేమేం చేస్తామో తెలుసా? పాలు పట్టమంటాం. అంతే. పది రోజులకి దానంతటదే ఎక్కుతుంది.”

“పిల్లలు వేరు, మొక్కలు వేరు.”

“అవును, వేరే. పిల్లల్ని పీకి చూడరు.”

ఆయన ఏడో నంబరుని మళ్ళీ గుంతలో పెట్టి మట్టి కప్పారు. తర్వాత వరండాలోకి వెళ్ళి అట్ట మీద దాని ఎదురుగా ఎర్ర గీత గీశారు. తెగిన వేర్ల సంగతి అట్ట మీద ఎక్కడా లేదు. దానికో గడి గీయలేదు కదా మరి.

ఇక మూడో నంబరు. ఆయన ముసలితనానికి దేవుడు పంపిన బిడ్డ అనుకోండి. మొదటి నెలలోనే అడుగునుంచి ఒక కొమ్మ లేచింది. వేలెడంత లావు, నిటారు, చువ్వని ఆనుకుని సైనికుడిలా పైకి పోతోంది. మొదట్లో వారానికి అరడుగు. ఆకులు పచ్చగా, గుబురుగా. రెండో నెలలో ఆయన నడుం దాటింది, నాలుగో నెలలో భుజం దాటింది. ఆయన దానికి తొంభై ఆరు మార్కులు వేశారు. తన ఉద్యోగ జీవితంలో ఎవరికీ డెబ్భై దాటి వేయలేదని, దాటించాల్సిన అవసరం కల్పించినవాడు పుట్టలేదని, ఎవరు గేటు ముందు నుంచి వెళ్ళినా ఆపి మరీ చెప్పారు. మిగతా మొక్కల్ని దాని వైపు చూడమని మందలించడం నేను నా బాల్కనీలోంచి చెవులారా విన్నాను. “చూడండి. అదే మట్టి. అవే నీళ్ళు. మీకేం రోగం?”

మిగతావాటికి రోగమేం లేదు. అవి మొదటి ఏడాది గులాబీల్లా ఉన్నాయి, అంతే. ఐదో నంబరు తొందరపడి ఒక పువ్వు పూసింది. మొగ్గ తుంచమని కూతురు చెప్పినా ఆయన తుంచలేదు. మూత మీద బొమ్మలో వంద రేకులుంటే దీనికి పధ్నాలుగున్నాయి, ఆయన లెక్కపెట్టారు. మెడ సన్నంగా ఉండి పువ్వు తల వేలాడేసింది. ముప్ఫై ఎనిమిది మార్కులు. రెండో నంబరు దారిలోకి వంగింది, క్రమశిక్షణలో సున్నా. తొమ్మిదో నంబరు ఆకులు పండి రాలాయి. ఐదు నెలలు నిండిన రోజున రెండు, ఐదు, ఏడు, తొమ్మిది అనే నలుగురు అభ్యర్థుల్నీ ఫెయిల్ చేసి, తవ్వి, చెత్తకుప్ప పక్కన వరసగా పడుకోబెట్టారు.

కటింగ్ షాపాయన గోడ మీదుగా తొంగిచూశాడు.

“పారేస్తారా సార్?”

“పనికిరానివి.”

“నాకిచ్చెయ్యండి. మా షాపు వెనకాల కొళాయి దగ్గర జాగా ఉంది.”

“ఏం చేస్తావ్ వీటితో?”

“ఏం చెయ్యను సార్. ఉంటాయి.”

“తీసుకో. కానీ రేపు వచ్చి అవి పూయలేదని నాతో అనకు.”

“ఫెయిలైనవాళ్ళందరం ఒకచోట ఉంటాం లెండి,” అని నవ్వుతూ నాలుగు మొక్కల్నీ తడి తువ్వాల్లో చుట్టుకుని తీసుకెళ్ళాడు. సిస్టరమ్మ ఆయన చేతికో పార ఇచ్చి, ఏడో నంబరుని కాస్త లోతుగా పెట్టమని చెప్పింది. ఆమెకు దాని మీద ఎందుకో మమకారం. వార్డులో కూడా అందరికంటే ఆలస్యంగా ఏడ్చిన పిల్ల పేరే ఆమెకు గుర్తుంటుందట.

వారం తిరక్కుండా తొమ్మిదో నంబరు చచ్చిపోయింది. ఆ కబురు తెలియగానే ‘మళ్ళీ రండి’ గారు స్వయంగా పక్కింటికి వెళ్ళి, శవాన్ని చూసి, తన తీర్పు సరైనదేనని రుజువైనట్టు అట్ట మీద రాసుకున్నారు. మిగిలిన మూడూ బతికే ఉన్నాయన్న సంగతి రాసుకోవడానికి పెన్నులో ఇంకు అయిపోయినట్టుంది.

ఏడో నెలలో ఆయన తన ఘనవిజయాన్ని లోకానికి చూపించాలని నిశ్చయించుకున్నారు. మా ఊళ్ళో తోటల సంఘం ఒకటుంది. దాని అధ్యక్షురాలు కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన ఒక మేడమ్. పొట్టిగా, బొద్దుగా, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలతో ఉంటుంది. ఆమెను టీకి పిలిచారు. లైసెన్సు ఆఫీసులో ఆయన కింద పనిచేసిన ఇద్దర్ని పిలిచారు. నన్ను పిలిచారు. కటింగ్ షాపాయన్ని పిలవలేదు కానీ గోడ ఆయనది కూడా కాబట్టి ఆయన ఉన్నాడు. మూడో నంబరు చుట్టూ నాలుగు కుర్చీలు వేశారు. అప్పటికది మనిషెత్తు దాటింది. పువ్వు ఇంకా పూయలేదు. పువ్వు కోసం తొందరపడకపోవడమే దాని గొప్పతనమని ఆయన వివరించారు. ఐదో నంబరు తొందరపడినందుకు ముప్ఫై ఎనిమిది మార్కులిచ్చిన మనిషి ఆ మాట అంటుంటే సిస్టరమ్మ టీ కప్పులోకి నవ్వింది.

మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని మొదట ఒక ఆకుని పట్టుకుంది. దాని మీది చిన్న ఆకుల్ని వేలితో లెక్కపెట్టింది. పక్కన ఎనిమిదో నంబరు ఆకుని లెక్కపెట్టింది; రెండు లెక్కలూ కలవలేదు. మళ్ళీ దీని దగ్గరికి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మొక్క మొదట్లో కూర్చుంది. వేళ్ళతో మట్టి పక్కకి తోసింది.

“ఈ కొమ్మ ఎప్పుడు వచ్చిందండీ?”

“మొదటి నెలలోనే!” అన్నారాయన ఛాతీ విరుచుకుని.

“అయ్యో,” అంది మేడమ్.

డాక్టర్లు అనే ‘అయ్యో’ అది. ఆఫీసు వాళ్ళిద్దరూ కప్పులు కింద పెట్టారు.

“ఇటు రండి, చూడండి. ఇక్కడ బుడిపెలా ఉంది కదా, ఇదే అంటు కట్టిన చోటు. గులాబీల వాళ్ళు ఏం చేస్తారంటే, మొండిగా పెరిగే అడవి గులాబీ వేరు తీసుకుని, దాని మీద మంచి గులాబీని అంటు కడతారు. బుడిపె పైనుంచి వచ్చేది మీరు కొనుక్కున్న గులాబీ. బుడిపె కిందనుంచి వచ్చేది అడవి గులాబీ. దాన్ని కనబడగానే పీకెయ్యాలి, లేకపోతే తిండంతా అదే తినేస్తుంది. మీది కిందనుంచి వచ్చింది.”

“మరి గులాబీ?”

మేడమ్ కొమ్మ వెనకాల వేలు పెట్టి చూపించింది. పెన్సిలంత పుల్ల, నల్లగా ఎండిపోయి, ఆ వీరుడి నీడలో నిలబడి ఉంది. ఆమె ముట్టుకోగానే టక్కున విరిగింది.

“చచ్చిపోయి చాలా నెలలైంది,” అంది మెత్తగా. “బాధపడకండి. ఇది కూడా పూస్తుంది ఎప్పుడో. చిన్న చిన్న పూలు, ఐదేసి రేకులు.”

గోడ మీంచి కటింగ్ షాపాయన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: “అంటే సార్, వీడి బదులు ఇంకెవడో వచ్చి పరీక్ష రాసేశాడన్నమాట?”

ఆఫీసు వాళ్ళలో ఒకాయనకి టీ ముక్కులోకి పోయింది. ‘మళ్ళీ రండి’ గారు లేచి, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మర్నాడు ఆయన తోటలోకి రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. నేను సంతోషించానని చెప్తే మీరు నన్ను తప్పుపట్టకూడదు. కానీ మూడో రోజు ఉదయం ఆయన పలుగు తీసుకుని బయటికి వచ్చి, మనిషెత్తు మూడో నంబరుని ఒక్కరే తవ్వుతుంటే చూడలేక గేటు దాకా దిగి వచ్చాను. అది అంత తేలిగ్గా రాలేదు. గంటన్నర పట్టింది. తొంభై ఆరు మార్కులు వచ్చినదానికి వేర్లు కూడా ఆ స్థాయిలోనే ఉన్నాయి. చేతుల నిండా ముళ్ళ గీతలతో ఆయన గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కటింగ్ షాపాయన అప్పుడే షాపు తీయబోతున్నాడు.

“ఒక మాట చెప్పు,” అన్నారు. “నీ టెస్టులో... నువ్వు ఏం తప్పు చేశావ్?”

కటింగ్ షాపాయన తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

“మీరే చెప్పాలి సార్. నాలుగుసార్లూ అడిగా. మీరు కిటికీలోంచి బయటికి చూశారు.”

“నాకు గుర్తులేదు.”

“పోనీలెండి.”

“మొదటిసారి ఏమైంది?”

“మొదటిసారంటే... మా అమ్మని ఆస్పత్రిలో వేసిన మర్నాడు సార్. చేతులు ఒకటే వణుకు. స్టీరింగ్ పట్టుకుంటే నాదో, దానిదో వణుకు తెలీలేదు. మిగతా మూడుసార్లూ మాత్రం మీరు పక్కన కూర్చున్నందుకు వణికాయి.”

“అమ్మ సంగతి నాతో చెప్పొచ్చు కదా?”

“ఫారంలో ఆ గడి లేదు సార్.”

ఇక్కడ ఆయన క్షమించమని అడిగారని రాస్తే అందంగా ఉండేది. అడగలేదు. చాలాసేపు గోడ మీది పెచ్చుని గోటితో గీకారు. తర్వాత, “ఆ ఏడో నంబరు బతికే ఉందా?” అన్నారు.

“ఉంది సార్. రండి.”

నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను. షాపు వెనకాల, కొళాయి కింద, తువ్వాళ్ళు ఉతికిన నీళ్ళు పారే చోటు పక్కన ఏడో నంబరుకి వేలెడంత చిగుళ్ళు రెండు ఉన్నాయి. ఎర్రగా, మెరుస్తూ. ‘మళ్ళీ రండి’ గారు మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. బుడిపె ఎక్కడుందో వెతికి, చిగుళ్ళు దాని పైనుంచే వచ్చాయని రూఢి చేసుకున్నారు. పాపం, ఒక్కసారి మోసపోయిన మనిషి కదా.

“ఏం చేశావ్ దీనికి?”

“నీళ్ళు పోశా. పనిలో పడి మర్చిపోయా. మళ్ళీ గుర్తొచ్చి పోశా.”

“అంతేనా?”

“అంతే సార్. రోజూ చూస్తూ కూర్చోడానికి నాకెక్కడ ఖాళీ?”

ఈ మాటలో ‘మళ్ళీ రండి’ గారికి ఎత్తిపొడుపు ఉందేమోనని నాకు అనుమానం. కటింగ్ షాపాయన ముఖంలో మాత్రం ఏమీ దొరకలేదు.

మనిషి ఒక్కరోజులో మారిపోతాడని నేను నమ్మను. ఆయన మారలేదు కూడా. అట్ట తీసేయలేదు, మార్కుల గడి మాత్రం కొట్టేసి, ‘ఏం చూశాను’ అని రాసుకున్నారు. రెండో ఏడాది అందులో ఆయన రాసినవి నేను చదివాను. ఎనభై ఒక్క మార్కులతో మొదటి ఏడాది రెండో స్థానంలో ఉన్న ఒకటో నంబరు వాన పడ్డప్పుడల్లా ఆకుల మీద నల్లమచ్చలొచ్చి బోడిదైపోయింది. ఎప్పుడూ యాభై దాటని ఎనిమిదో నంబరు ఎండల్లోనూ వానల్లోనూ ఆపకుండా పూసింది. పక్కింటి ఐదో నంబరు మెడ నిటారుగా నిలబెట్టి పూసింది. గోడ మీదుగా వంగి ఎనభై దాకా రేకులు లెక్కపెట్టి, తర్వాత విసుగొచ్చి ఆపేశారట. ‘విసుగొచ్చి ఆపేశాను’ అని కూడా రాసుకున్నారు. ఆ మనిషి చేతిరాతలో నేను చూసిన అత్యంత మానవత్వమున్న వాక్యం అదే. ఏడో నంబరు ఆ ఏడాది కూడా పూయలేదు. దాని ఎదురుగా ఒక్క మాట: ‘చూద్దాం.’

మూడో ఏడాది తోటల సంఘం వాళ్ళు ఆయన్ని పూల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. బోటనీ మేడమ్ మంచితనం అది. మధ్యాహ్నానికల్లా అయిపోవాల్సిన పని. ఈయన ప్రతి మొక్క ముందూ ఆగి, ఎప్పుడు నాటారు, మట్టితో వచ్చిందా ఉత్త వేర్లతో వచ్చిందా, పోయినేడాది ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడగడం మొదలుపెట్టారు. ఏడాది నిండని మొక్కలు తెచ్చిన పదకొండు మందితో, “దీని గురించి ఇప్పుడు చెప్పడం తప్పు,” అని చెప్పి ముందుకెళ్ళారు. పొద్దు వాలుతున్నా మొదటి బహుమతి తేల్లేదు. పూలన్నీ వాడిపోయాయి. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కుండీలు భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయన్ని ఎవరూ పోటీలకి పిలవలేదు. పూర్వం తొందరగా తేల్చి జనాన్ని ఏడిపించారు, ఇప్పుడు తేల్చకుండా ఏడిపించారు. మొత్తానికి తన వృత్తిధర్మం వదల్లేదు.

ఆ ఏడాదే సిస్టరమ్మ కూడా రిటైరైంది. ముప్ఫై నాలుగేళ్ళు నిలబడి పనిచేసిన మనిషి, ఇంటికి వచ్చి వరండాలో పడక కుర్చీ వాల్చుకుని కూర్చుంది. మొదటి రోజు తొమ్మిదింటికి లేచింది. రెండో రోజు పదింటికి. వంట ఆయనే చేశారు. వారం రోజుల పాటు ఆమె టీ తాగడం, కాళ్ళు చాపుకోవడం, వీధిలో పోయేవాళ్ళని చూడడం తప్ప ఏ పనీ చేయలేదు. నేను బాల్కనీలోంచి రోజూ గమనిస్తూనే ఉన్నాను. ఎప్పుడు పేలుతుందా అని.

ఎనిమిదో రోజు ఉదయం ఆయన గరిటెతో సహా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె వైపు చూశారు. గోడ గడియారం వైపు చూశారు. నోరు తెరిచారు.

“ఏమిటండీ?” అంది సిస్టరమ్మ కళ్ళు మూసుకునే.

“ఏం లేదు,” అన్నారు. “కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూసి చెప్తావా?”

ఆమె గరిటె అందుకుని రుచి చూసింది.

“ఇంకా ఉడకాలి,” అంది.

ఆయన గరిటె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.